కరెంటు గూడు

మా అక్క నాగరత్నమ్మ గురించి అడిగితే మా వాళ్ళందరూ ఆమె చేతి వంటను పొగిడి ఊరుకుంటారు. వంట బాగానే చేసేది, కాదనను. కానీ కర్నూలులో ఆమె అత్తవారింటి పడసాల గోడకు బిగించిన ఒక చెక్క గూడు ఉంది. ఆమెను మార్చింది అది. దాని మాట మా ఇళ్ళలో ఎవరూ ఎత్తరు. ఎత్తితే మా అక్క మీద జాలిపడాలో, మా ఆచారాల మీద కోప్పడాలో తేలక, మజ్జిగ తాగి లేచిపోతారు. నాకు ఆ ఇబ్బంది లేదు. నాకు ఉన్నది కోపమే.

మేము కోయిలకుంట్ల వాళ్ళం. నాన్నది బెల్లం, ఎండుమిరపకాయల అంగడి. అంగడి వెనక గదిలో పెరిగింది కాబట్టి అక్కకు కొత్తాపాతా లేదు, వచ్చిన ప్రతి మనిషితోనూ మాట కలిపేది. నవ్విందంటే వీధిలోకి వినపడేది. ఆ నవ్వు పోగొట్టుకోకపోతే అత్తింట్లో వేగలేవని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కర్నూలులో వేరుశనక్కాయల వ్యాపారం చేసే కేశవయ్యకిచ్చి పెండ్లి చేశారు. తర్వాత నన్నూ అదే ఊళ్ళో, వాళ్ళ వెనక వీధిలో ఇచ్చారు. అందుకని ఆ ఇంట్లో జరిగినదంతా నాకు ఏ పూటకాపూట తెలుస్తూనే ఉండేది.

కేశవయ్య బావ మంచివాడే. వ్యాపారం తప్ప ఇంకేదీ పట్టని రకం మంచివాడు. రెండో జర్మనీ యుద్ధం మొదలైన కాలంలో ఆయన దొడ్డిలో రేకుల కొట్టం వేయించి, కాయలు ఒలిచే మిషను దించాడు. దానికి మోటారు, మోటారుకు కరెంటు. ఆ తీగతోనే ఇంట్లోనూ దీపాలు వెలిగాయి. మా వీధుల్లో అది మొదటి కరెంటు ఇల్లు. చుట్టాలు పనిగట్టుకుని వచ్చి మీట నొక్కి చూసి పోయేవాళ్ళు.

తీగలు లాగే పనికి గాబ్రియేలు వచ్చాడు. నందికొట్కూరు దగ్గర పల్లె అతనిది. పాదిరీల బడిలో చదువుకుని, వైర్‌మన్ లైసెన్సు సంపాదించాడు. మితంగా మాట్లాడేవాడు. గోడలన్నీ చూసి, బావతో అన్నాడు:

"బోర్డు దొడ్డి వసారాలో పెడదామయ్యా. మిషను కాడ ఏమన్నా అయితే పనోళ్ళకు చెయ్యి అందుతుంది."

"దొడ్డిలో పెడితే వచ్చేటోడూ పొయ్యేటోడూ దాన్ని కెలుకుతాంటారు. ఇంట్లోనే పెట్టు. పడసాలలో పెట్టు" అన్నాడు బావ.

ఇల్లు ఎవరిదో మాట వాళ్ళది. పడసాల గోడకు, దొడ్డి వాకిలికి దగ్గరలో బోర్డు ఎక్కింది. మీటరు, ఫ్యూజులు, దించితే కరెంటంతా ఆగిపోయే ఇనప పిడి ఉన్న పెద్ద మెయిన్ స్విచ్చి. అన్నిటికీ పైన ఒక రేకు బిళ్ళ. దాని మీద పుర్రె, పుర్రె కింద అడ్డంగా రెండు ఎముకలు. మోటారుకు వచ్చేది పెద్ద కరెంటు కాబట్టి ఆ బిళ్ళ ఉండి తీరాలని రూలు.

బావ తల్లి నాగేంద్రమ్మ తలస్నానం చేసి, తడి జుట్టుతో పడసాలలోకి వచ్చింది. బిళ్ళను చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏమప్పా, నట్టింట్లో పుర్రె పెడతాండావా? తీసెయ్. ఇది సంసారుల ఇల్లా, శ్మశానమా?"

"తీసేదానికి లేదమ్మా. రూలు."

"మీ రూలు మీ కంపెనీలో పెట్టుకోండి. పొద్దున లేచి నేను దాని మొగం చూడాల్నా?"

ఈ విషయంలో నేను నాగేంద్రమ్మను తప్పుపట్టను. దీపం పెట్టి వెనక్కి తిరిగేసరికి ఎదురుగా పుర్రె పళ్ళికిలిస్తే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. నాకూ జలదరించింది. మా అక్క మాత్రం దాని ముందు నిలబడి, "మీ కంటే దాని పండ్లు బాగుండాయి లే అత్తా" అని ఒక మాట విసిరి, తిట్లు తినింది.

రెండు రోజుల గొడవ తర్వాత, బోర్డును కనపడకుండా మూసేద్దామని తేలింది. వడ్రంగి అయ్యన్న టేకు చెక్కతో ఒక గూడు చేశాడు. రెండు తలుపులు, అంచులకు తామర మొగ్గల చెక్కుడు, చూడముచ్చటగా ఉండింది. కానీ గాబ్రియేలు ఊరికే బిగించనివ్వలేదు. లోపలి వైపంతా రేకు కొట్టించాడు. పిడిని పూర్తిగా కిందికి దించేంత లోతు ఉందో లేదో తానే చెయ్యి పెట్టి చూశాడు. గూటి ముందు బస్తా గానీ, పెట్టె గానీ, మంచం గానీ ఉండకూడదన్నాడు. దగ్గర్లో దీపం పెట్టకూడదన్నాడు. అయ్యన్న ముచ్చటపడి ఇత్తడి గొళ్ళెం తెస్తే తిప్పి పంపేశాడు.

"దీనికి తాళం ఉండగూడదు, గొళ్ళెం ఉండగూడదు. పసిబిడ్డ లాగినా తెరుచుకోవాల. లోపల ఏముండాదో బయటికి తెలిసేటట్టు రాసి ఉండాల" అన్నాడు.

బయట ఏమి రాయాలన్న దగ్గర మళ్ళీ మొదలైంది. పుర్రె లోపల ఉంటుంది సరే, తలుపు మీద ఎర్ర అక్షరాలతో 'అపాయము' అని ఉండాలట. నాగేంద్రమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఇంట్లో ఎవురన్నా అపాయమని రాసుకుంటారా? ఉపాయమని రాయగూడదా అప్పా? ఒక్క అక్షరమే కదా తేడా!"

ఈ మాట వీధంతా పాకి, చాలా రోజులు బావను 'ఉపాయం శెట్టి' అని పిలిచారు. చివరికి 'అపాయము' అనే చిన్నగా రాయించారు. కరెంటు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వేలితో తలుపు లాగి చూశాడు, తెరుచుకుంది. పిడి పట్టి దించాడు, దిగింది. అక్షరాలు చదివాడు, బాగుందన్నాడు. బోర్డూ దాగింది, రూలూ దక్కింది. అందరూ సంతోషించారు. గాబ్రియేలు సామాను సర్దుకుని వీధి మలుపు తిరిగాక, నాగేంద్రమ్మ పడసాల అంతా పసుపు నీళ్ళు చల్లించింది. పని ఉన్నన్ని రోజులూ అతను ఆ పడసాలలో తిరిగాడు, అప్పుడు ఎవరికీ మైల అంటలేదు. పని అయిపోయాక అంటింది.

గాబ్రియేలు పోతూపోతూ మిషను నడపడానికి తన అక్క జ్ఞానమణినీ, ఆమె పెనిమిటి ఏసన్ననూ కుదిర్చి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ దొడ్డి వెనక ఉన్న చిన్న కొట్టంలో కాపురం ఉండేవాళ్ళు. ఏసన్న మిషను దగ్గర, జ్ఞానమణి పప్పు చెరగడం దగ్గర. వాళ్ళు పనిచేసేది దొడ్డిలోనే, దొడ్డి వాకిలి దాటి లోపలికి వచ్చేది లేదు. మా అక్క వాకిలికి ఇవతల, జ్ఞానమణి అవతల నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. మాసంలో మూడు రోజులు మాత్రం మా అక్క కూడా అవతలికే పోయేది. బయట ఉన్నప్పుడు ఇంట్లోకి రాకూడదు, దేన్నీ ముట్టకూడదు కదా, దొడ్డి వసారాలో చాప వేసుకుని కూర్చునేది. ఆ మూడు రోజులూ ఇద్దరినీ ఎవరూ తాకరు కాబట్టి వాళ్ళు పక్కపక్కనే కూర్చుని చింతగింజలు ఆడుకునేవాళ్ళు. అక్కకు అవి పండగ రోజులు. నేను పోతే నన్ను కూడా దూరంగా కూర్చోమని వెక్కిరించేది.

ఇక గూటి సంగతి. ఆ ఏడు దసరాకు, ఆయుధపూజ నాడు, బావ తక్కెడకూ రాళ్ళకూ మిషనుకూ పసుపు రాసి బొట్లు పెట్టాడు. నాగేంద్రమ్మ అదే చేత్తో గూటి తలుపులకు కూడా రాసింది. దానివల్లే కదా మిషను తిరిగేది, అని ఆమె లెక్క. మర్నాడు దాన్ని తుడవాలంటే ఆమెకు చెయ్యి రాలేదు. పెట్టిన బొట్టు చెరపకూడదు. శుక్రవారం వచ్చింది, వెలిసిన పసుపు మీద కొత్త పసుపు రాసింది. తర్వాత ప్రతి శుక్రవారమూ రాసింది. కనకాంబరాల దండ వచ్చింది. ఎర్ర అక్షరాలు పసుపు కింద ఎప్పుడు మునిగిపోయాయో ఎవరూ చూడలేదు. వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దానికి మొక్కసాగారు. పేరంటానికి వచ్చిన ముసలామె ఒకతె లోపల ఏ అమ్మవారని అడిగితే, నాగేంద్రమ్మ కరెంటని చెప్పలేక, "మా ఇంటి తల్లి" అంది. పనివాళ్ళ నోట్లో కూడా బోర్డు పోయి 'అమ్మ గూడు' అయింది.

"ఈ అమ్మకు నైవేద్యం కంపెనీవాళ్ళు నెలనెలా వచ్చి తీసుకపోతారు లే" అని మా అక్క నవ్వేది. నేనూ నవ్వాను. అందులో భయపడాల్సింది ఏముందని మాకు తోచలేదు. తాళం లేదు, గొళ్ళెం లేదు, ముందు బస్తా లేదు. రూలు రాసినవాళ్ళు తాళం సంగతి ఆలోచించారు. బొట్టు సంగతి వాళ్ళకేం తెలుసు?

తొలకరి వాన పడిన రోజది. మా సీమలో వాన పడితే కూలివాళ్ళు పనికి రారు, చేలకు పోతారు. దొడ్డిలో ఏసన్న, జ్ఞానమణి ఇద్దరే. బావ మండీకి పోయాడు. నాగేంద్రమ్మ వీధి చివర ఎవరింట్లోనో బిడ్డను తొట్లెలో వేస్తున్నారని పోయింది. మా అక్క వసారాలో చాప మీద ఉంది. ఆమెకు అది రెండో రోజు.

కొట్టం కారి నేలంతా తడిసింది. మిషను ఇనుములోకి కరెంటు ఎట్లా వచ్చిందో తర్వాత తలా ఒకటి చెప్పారు. ఏసన్న కాయలు పోసే తొట్టి అంచు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి విడిపోలేదు. జ్ఞానమణి అతన్ని లాగబోయి, ఎగిరి అవతల పడింది. లేచి ఇంటివైపు పరుగెత్తుకొచ్చింది.

"శెట్టెమ్మా! కరెంటు నిలపండి! ఆయప్పను పట్టుకునింది! బిన్నా నిలపండమ్మా!"

మా అక్క లేచింది. వాకిలి దాకా ఉరికింది. గడప అవతలే ఆగింది.

ఆ రోజు శుక్రవారం. పొద్దున రాసిన పసుపు ఇంకా పచ్చిగానే ఉంది. కుంకుమ బొట్లు, కొత్త దండ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి, ఆ రోజుల్లో దేవుడి వస్తువు ముడితే ఇల్లు మాడిపోతుందని విన్న ఆడది ఆమె. గడప మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుంది.

"అత్తా! అత్తా!" అని అరిచింది.

అత్త ఇంట్లో లేదని ఆమెకు తెలుసు. తెలిసే అరిచింది. తర్వాత ఇంటి పక్క సందులోనుంచి వీధిలోకి పరుగెత్తి, "ఎవురన్నా రండి! మా గూడు తెరవండి! ఎవురన్నా రండమ్మా!" అని కేకలు పెట్టింది. వానకు అన్ని ఇళ్ళ వాకిళ్ళూ మూసి ఉన్నాయి. ఎవరూ రాలేదు. మళ్ళీ సందులోనుంచి దొడ్డిలోకి వచ్చింది. జ్ఞానమణి ఇంకా గడప అవతలే, రెండు చేతులా ద్వారబంధం పట్టుకుని గూటి వైపు చూస్తూ నిలబడి ఉంది. కొట్టంలో మిషను తిరుగుతూనే ఉంది.

అప్పుడు మా అక్క లోపలికి పోయింది. తలుపు లాగి, పిడి దించింది. మిషను ఆగింది. ఏసన్న చెయ్యి విడిపోయి, నేల మీద పడ్డాడు. కానీ అప్పటికే ప్రాణం పోయింది.

నేను పోయేసరికి నాగేంద్రమ్మ కూడా వచ్చి ఉంది. ఆమె వీధి వాకిలి నుంచి లోపలికి అడుగు పెట్టగానే తెరిచిన గూడునూ, పడసాల మధ్యలో నిలబడిన కోడలినీ చూసి, "నువ్వు లోపలికి ఎట్ల వస్తివే?" అందట. తర్వాత సంగతి తెలిసి ఏడ్చింది. ఏసన్న కోసం నిజంగానే గుండెలు బాదుకుని ఏడ్చింది, నేను కళ్ళారా చూశాను. కానీ ముందు అడిగింది మాత్రం ఆ మాటే. దాన్ని నేను క్షమించలేదు. శవం దొడ్డిలో ఉండగానే అయ్యవారికి కబురు పోయింది, గూటికి శుద్ధి చేయించాలని.

నాలుగు రోజులు గడిచాయి. ప్రమాదం జరిగింది కాబట్టి ఇన్‌స్పెక్టరు మళ్ళీ వస్తాడు. బావ గాబ్రియేలును పిలిపించాడు. తన చేతులతో ఏసన్నను మట్టిలో పెట్టి వచ్చిన మనిషి, తడిగుడ్డ తీసుకుని గూటి తలుపులు కడగడం మొదలుపెట్టాడు. పసుపు పొరలు పొరలుగా లేచింది. కింద ఎర్ర అక్షరాలు, నిన్న రాసినట్టే, చెక్కు చెదరకుండా ఉన్నాయి. మా అక్క చూసి ఊరుకోలేకపోయింది.

"ఎందుకు కడుగుతాండావు గాబ్రియేలూ? ఉండనీ. అది ఎట్ల ఉన్నిందో ఆయన్ను చూడనీ."

"చూస్తే ఏమొస్తుందమ్మా? నా లైసెన్సు పోతుంది. మా అక్కను ఎవురు సాకాల?" అని, తల ఎత్తకుండానే కడిగాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వేలితో లాగాడు, తెరుచుకుంది. అక్షరాలు చదివాడు. మిషను దగ్గర భూమిలోకి పోయే తీగ తెగిందని రాసుకున్నాడు. గూటిలో తప్పేమీ దొరకలేదు. చివరికి అడిగాడు, మెయిన్ ఎవరు తీశారని.

"మా అమ్మ" అన్నాడు బావ. బయట ఉన్న ఆడదాని సంగతి పరాయి మగవాడికి ఎవరు చెబుతారు?

"వెంటనే తీశారా?"

"వెంటనే."

మేము వంటింటి తలుపు చాటున ఉన్నాము. ఆ మాట విని మా అక్క తలుపు వదిలేసింది. అక్కడే, పొయ్యి పక్కన, నేల మీద కూర్చుండిపోయింది. ఆ పూట నుంచి ఆమె సరిగా అన్నం ముట్టలేదు. నవ్వు సంగతి చెప్పనక్కరలేదు. రాత్రిళ్ళు నిద్రలో "అత్తా" అని ఉలిక్కిపడి లేస్తోందని బావే నాతో చెప్పాడు. ఆయనకు అది అత్త మీద ప్రేమ అనిపించిందో ఏమో, నాకు తెలియదు.

కొన్నాళ్ళకు నన్ను తోడు రమ్మని, బండి కట్టించుకుని జ్ఞానమణి పల్లెకు బయల్దేరింది. జ్ఞానమణి తమ్ముడి పంచన ఉంటోంది. పాదిరీల గుడి అరుగు పక్కన చిన్న ఇల్లు. మమ్మల్ని చూసి కంగారుపడి, చాప కోసం లోపలికి పోబోయింది. అక్క మట్టి నేల మీదే ఆమె ఎదురుగా కూర్చుంది. నేను కూడా కూర్చున్నాను.

"జ్ఞానమణీ, ఒక మాట చెప్పిపోదామని వచ్చినా" అంది అక్క. "వెంటనే తీసినామని మా వాళ్ళు చెప్పినారు. నేను వెంటనే తీయలేదు. అత్తను పిలిస్తి. ఇంట్లో లేదని తెలిసీ పిలిస్తి. వీధిలోకి ఉరికితి. ఆ మనిషి ఆడ కొట్టుకుంటాంటే, నేను ముట్టగూడదే అని ఆలోచన చేసినా. నన్ను తిట్టు. కొట్టు. ఏమన్నా అను."

జ్ఞానమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం వినపడుతుందేమోనని నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"మిమ్మల్ని ఏమనేది శెట్టెమ్మా? ఆ బోర్డు మా తమ్ముడు బిగించిందే. యాడ పట్టి లాగాలో నాకు తెలుసు. గడప దాటితే రెండడుగుల దూరం. మీరు వీధిలోకి పోయినంతసేపూ నేను ఒక్కదాన్నే ఆడ ఉన్నింది. ఎవురూ అడ్డం లేరు. పొయ్యి తీసేదానికి నాకేమి రోగం? మీరు ముట్టగూడదని ఆగినారు. నేను మెట్టగూడదని ఆగితి. మన ఇద్దరి మర్యాదకూ ఆయప్ప పాయె."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను అక్కడ ఉండలేక బయటికి వచ్చి బండి దగ్గర నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక, బోర్డును దొడ్డి వసారాలోకి మార్పించమని బావను అడిగింది. చూద్దామన్నాడు. మా బావ చూద్దామన్నాడంటే ఆ పని కాదన్నట్టే. ఈలోపు శుద్ధి చేసిన గూటికి నాగేంద్రమ్మ మళ్ళీ పసుపు రాసింది, మునుపటికంటే మందంగా.

మళ్ళీ అక్కకు ఆ రోజులు వచ్చాయి. చాప చంకన పెట్టుకుని, అత్త చూస్తుండగానే, వసారాలోకి కాదు, పడసాలలోకి వచ్చింది. గూటి కింద చాప పరుచుకుని కూర్చుంది. నాగేంద్రమ్మ అరిచింది, శాపనార్థాలు పెట్టింది, అన్నం మానేసి కూతురింటికి పోయింది. బావ బతిమాలాడు. మా అమ్మ కోయిలకుంట్ల నుంచి వచ్చి చేతులు జోడించింది. అక్క ఎవరికీ ఎదురు చెప్పలేదు, లేవనూ లేదు. వీధి ఆడవాళ్ళకు తెలిసి, ఆ గూటికి మొక్కడం మానుకున్నారు. మరుసటి నెలా అంతే. ఆ మరుసటి నెలా అంతే.

ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి పడసాలలో ఆమె ఒక్కతే ఉంది. గూటి తలుపు తెరిచి, పిడి పట్టుకుని దించుతోంది, మళ్ళీ ఎత్తుతోంది. మళ్ళీ దించుతోంది. పసుపంతా చేతికి అంటుకుని ఉంది. దొడ్డిలో మిషను ఆగుతూ తిరుగుతూ ఉంటే కొత్త పనివాడు మారెన్న ఏమైందోనని వాకిలి దగ్గరికి వచ్చి చూస్తున్నాడు.

"ఏం చేస్తాండావే?" అన్నాను. నాకు భయం వేసింది.

"చెయ్యికి అలవాటు చేస్తాండా అమ్మీ" అంది మా అక్క. "ఈసారి ఎవురన్నా అరిస్తే, నేను అత్తను పిలవగూడదు."